అరచేతిలో చుక్క

ఉప్పు డబ్బా మూత చప్పుడు వంటమేస్త్రికి వీపు వెనకనుంచి వినిపించింది.

అప్పుడే కూర చూసి గరిట దించాడు. ఉప్పు చూడటంలో ఆయనదో పద్ధతి. చెంచా ముట్టుకోడు. గరిట చివరనుంచి ఒక్క చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని, ఊదకుండా నాకి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" పడిందంటే ఇక గుండిగ దించెయ్యడమే. బస్సు డిపో క్యాంటీన్లో డ్రైవర్లూ కండక్టర్లూ మెకానిక్కులూ ఆయన జుట్టు నల్లగా ఉన్నప్పట్నుంచీ ఆ "ఊఁ" మీదే భోంచేస్తున్నారు.

ఆరోజూ అలాగే "ఊఁ" అని, మేకుకి తగిలించిన చొక్కా జేబులోంచి బీపీ మాత్ర తీసుకోవడానికి అటు తిరిగాడు. అప్పుడే ఆ మూత చప్పుడు. వెనక్కి చూస్తే చెల్లెమ్మ ఆయన గుండిగ మీదకి వంగి ఉంది. గుప్పిట్లో ఉప్పు. చూస్తుండగానే కూరంతా పడేలా చల్లి, గరిట తీసుకుని అడుగునుంచి తిప్పింది. గరిట అంచు గుండిగకి తగలకుండా, చప్పుడన్నది లేకుండా తిప్పింది. ఆ తిప్పడం చూశాకే మేస్త్రికి అర్థమైంది, ఇది ఈవేళ కొత్తగా చేస్తున్న పని కాదని.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

ఆవిడ ఉలిక్కిపడలేదు. డబ్బాకి మూత పెట్టి చెయ్యి ఏప్రాన్‌కి తుడుచుకుంది. "నువ్వు తిరిగొచ్చిన దగ్గర్నుంచి అన్నా," అంది.

చెల్లెమ్మ అంటే ఆయన తోడబుట్టిందేమీ కాదు. క్యాంటీన్లో రెండో వంటమనిషి. కూరలు తరగడానికి చేరిన కొత్తలో ఈయన చెల్లెమ్మా అని పిలిచాడు, అదే పేరు ఖాయమైపోయింది. గరిట పట్టుకోవడం దగ్గర్నుంచీ అన్నీ ఆయనే నేర్పాడు. మేస్త్రికి గుండెపోటు వచ్చి, ఆపరేషనయి, ఆస్పత్రిలోనూ ఇంట్లోనూ మంచాన పడ్డన్నాళ్ళూ పొయ్యంతా ఆవిడే ఈదుకొచ్చింది. ఆయన తిరిగొచ్చిన రోజున గరిట కడిగి, తుడిచి, ఆయన చేతికిచ్చి పక్కకి జరిగింది. ఆ జరగడంలో ఎంత మర్యాద ఉందో చూసి మేస్త్రి మురిసిపోయాడు కూడా.

ఇప్పుడేమో ఆవిడ గొంతు తగ్గించి ఏదో చెప్పుకొస్తోంది. ఆయన వచ్చిన మొదటి రెండు మూడు రోజులూ కూర సగం సగం తిరిగొచ్చిందట. డ్రైవర్లు గొణుక్కున్నారట. మేస్త్రి పని అయిపోయిందని వాళ్ళనుకోవడం చెవిన పడి, మనసొప్పక, ఆయన అటు తిరిగినప్పుడు కాస్త వేసి సరిచేస్తోందట.

"నీ మాట పోకూడదనే అన్నా," అంది.

ఆ ఒక్క ముక్కా అనకపోయినా బాగుండేదేమో. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. తన గుండిగలో, తను "ఊఁ" అన్నాక, ఇంకో చెయ్యి పడటమా. పైగా అది దయట. ఆయన మనసు ఆ క్షణంలోనే ఒక కథ అల్లేసుకుంది: తను లేనప్పుడు ఈవిడ పొయ్యి రుచి మరిగింది, ఈవిడ చెయ్యి పడందే కూర కుదరదని నలుగురి చేతా అనిపించుకుని తనని ఇంటికి పంపించేద్దామని చూస్తోంది. అలా అనుకున్నాక కోపం తెచ్చుకోవడం తేలికైంది. మాత్ర వేసుకోవడం కూడా మరిచిపోయి మేనేజరు గదికి నడిచాడు.

మేనేజరు చిన్నవాడు. చెడ్డవాడేం కాదు. చెవి దగ్గరనుంచి ఫోను తియ్యకుండానే అంతా విన్నాడు. గుండెజబ్బు మనిషి, పెద్దాయన, ఈయన్ని బాధపెట్టకూడదన్నంతవరకే అతనికి తట్టింది. చెల్లెమ్మని పిలిచి, రేపట్నుంచి అంట్ల గదిలో చెయ్యమన్నాడు. ఎందుకు వేశావని అడగలేదు. కూర ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూడనూ లేదు.

"సరే సార్," అంది చెల్లెమ్మ. బట్ట ఏప్రాన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి పొయ్యి గట్టు మీద పెట్టింది. నాలుగు మాటలు తిట్టినా మేస్త్రికి బాగుండేది. తిట్టలేదు, ఆయన వైపు చూడనూ లేదు.

*

మర్నాడు మేస్త్రి ఒళ్ళు దగ్గరపెట్టుకుని వండాడు. ఉల్లిపాయలు తన చేత్తోనే తరిగాడు. వెల్లుల్లి రంగు తిరిగేదాకా కదలకుండా నిలబడ్డాడు. చిక్కుడు గింజలు వేలితో నొక్కి చూసి మరీ కూరలో వేశాడు. ఉప్పు వేసి, చుక్క అరచేతిలో వేసుకుని నాకి, కళ్ళు మూసుకున్నాడు. సరిపోయింది. నిజానికి ఒక పిసరు ఎక్కువే అనిపించింది. పోన్లే, చెమటోడ్చేవాళ్ళు కదా అని సర్దుకుని, "ఊఁ" అన్నాడు.

భోజనాల వేళకి మొదట లోపలికొచ్చేది ఎప్పుడూ మీసాల డ్రైవరే. ఆయన రెండు ముద్దలు తిని, కంచం చేత్తో పట్టుకుని వంటగది కిటికీ దగ్గరకొచ్చాడు.

"మేస్త్రీ, ఆపరేషన్ నీకయిందా, మా అందరికీ అయిందా?"

బల్లల దగ్గర నవ్వులు లేచాయి. గుండె బాగవ్వాలంటే ఈ క్యాంటీన్లో చేరితే చాలని ఒకడన్నాడు. కూర వండి మళ్ళీ కడిగారేమోనని ఇంకొకడు. ఎవరో ఉప్పు అడిగారు. చిన్న గిన్నెలో ఉప్పు వెళ్ళింది. అది ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి చేతులు మారుతూ పోతుంటే మేస్త్రి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఎవరో తన చొక్కా విప్పి బల్లబల్లకీ చూపిస్తున్నట్టుంది ఆయనకి.

చెల్లెమ్మ మరిది ఇదే డిపోలో కండక్టరు. దూరంగా బల్ల దగ్గర తలొంచుకుని తింటున్నాడు. ఇంకేం, వీడే అందర్నీ ఎగదోసి ఉంటాడనుకున్నాడు మేస్త్రి. ఆ మాటే మేనేజరుతో అన్నాడు. ఈసారి మేనేజరు ఫోను పక్కన పెట్టి, చెంచాతో కూర రుచి చూశాడు.

"నాకూ తగ్గినట్టే ఉంది మేస్త్రిగారూ."

మేస్త్రి గరిట తీసుకుని, చుక్క అరచేతిలో వేసుకుని నాకాడు. సరిగ్గా ఉంది. ఇంత సరిగ్గా ఉన్నదాన్ని లేదంటున్నారంటే లోకమంతా ఒక్కటైనట్టే. మేనేజరు ఆయన భుజం మీద చెయ్యేశాడు. రేపు కూడా కంచాలు ఇలాగే తిరిగొస్తే పైవాళ్ళకి తను ఏం చెప్పాలో తెలియదన్నాడు. ఇంకొన్నాళ్ళు రెస్టు తీసుకుంటే నయమేమో ఆలోచించుకోమన్నాడు. మెత్తగానే అన్నాడు. కానీ ఆ రెస్టు అన్న మాట ఆస్పత్రిలో కూడా ఇలాగే మెత్తగా మొదలైంది. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్న ఆ రోజులు మేస్త్రికి గుర్తొచ్చాయి. పొయ్యి లేకపోతే తను ఎవరు? మాత్రలు మింగే ఒక మనిషి, అంతే కదా.

ఖాళీ గిన్నె పెట్టే వంకతో అంట్ల గది గుమ్మం దాకా వెళ్ళాడు. చెల్లెమ్మ రబ్బరు ఏప్రాన్ కట్టుకుని తొట్టి ముందు నిలబడి ఉంది. తిరిగొచ్చిన కంచాల్లోంచి ఆయన కూరని చేత్తో ఊడ్చి బకెట్లో వేస్తోంది. సబ్బు నీళ్ళకి వేళ్ళు నాని, తెల్లబడి, ముడతలు పడ్డాయి. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"పక్కకి జరుగన్నా, నీళ్ళు పడతాయి," అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

ఆయన జరిగాడు. తర్వాత గుండిగలో మిగిలిన కూర చిన్న టిఫిన్ డబ్బాలో పెట్టుకుని మూత బిగించాడు. ఈ తగువు తీర్చగల నాలుక ఒక్కటే ఉంది, అది తన ఇంట్లో ఉంది.

*

మేస్త్రి భార్య నాలుక సంగతి చుట్టాలందరికీ తెలుసు. కాపురానికొచ్చిన కొత్తలో మొగుడు మురిపెంగా వండిపెడితే తిని, "మీ ఇంట్లో ఉప్పుకి కరువా ఏంటండీ?" అని అడిగిన మనిషి. ఉప్పంటే ప్రాణం. పచ్చికాయ కనిపిస్తే ఉప్పద్దుకుని తినాల్సిందే. పుచ్చకాయ ముక్క మీద కూడా ఉప్పు చల్లుకునేది. ఆవిడకి బీపీ లేదు, షుగరు లేదు, ఏ జబ్బూ లేదు.

మేస్త్రి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, భోజనం సంగతులు చెప్పే అమ్మాయి ఒకతె మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుంది. ఉప్పు బాగా తగ్గించమంది. ఊరబెట్టినవీ, ఎండబెట్టినవీ, ప్యాకెట్లలో అమ్మేవీ మానెయ్యమంది. నూనె చెంచాతో కొలిచి వెయ్యమంది. ఆకుకూరలు, పప్పులు, పళ్ళు ఎక్కువ తినమంది. "మొదట్లో గడ్డి తిన్నట్టుంటుంది తాతగారూ," అని నవ్వింది. ఆ తాతగారూ దగ్గరే మేస్త్రి చెవులు మూతపడ్డాయి. తనని తాతగారూ అన్న మొదటి మనిషి ఆ పిల్లే. తర్వాత ఆ పిల్ల ఇంకా ఏదో చెప్పింది. ఆయన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. విన్నది భార్యే.

అప్పట్నుంచీ ఆయనకి చప్పిడి కూర. మిరియాలు దంచి వేస్తుంది, నిమ్మకాయ పిండుతుంది, వెల్లుల్లి కాల్చి నలుపుతుంది. ఏదో విధంగా ఆ కూరకి ప్రాణం పోద్దామని చూస్తుంది. ఆయనకి వడ్డించి, తిన్నాక, తను వంటగదిలో కూర్చుని తింటుంది. లోపల్నుంచి కంచం చప్పుడు వినిపించినప్పుడల్లా మేస్త్రికి కాస్త ఈర్ష్యగానే ఉండేది. అదృష్టవంతురాలు, ఉప్పూ కారం వేసుకుని తింటోంది అనుకునేవాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే డబ్బా ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఏమీ అడక్కు. ఉప్పు చూసి చెప్పు."

ఆవిడ డబ్బా వంచి, ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. ఆ పద్ధతి మొగుడి దగ్గర నేర్చుకున్నదే. నాకగానే మొహం చిట్లించి, పైటచెంగుతో నోరు తుడుచుకుంది.

"ఇంత ఉప్పేంటండీ? డ్రైవర్లకి కూడా బీపీలు తెప్పిద్దామనా?"

మేస్త్రి నవ్వాడు. జబ్బు పడ్డాక అంత పెద్దగా నవ్వింది అదే. గుండె మీద చెయ్యేసుకుని మరీ నవ్వాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, చెల్లెమ్మ గుప్పిట దగ్గర్నుంచి మీసాల డ్రైవరు వెటకారం దాకా, ఎవరి గొంతు వాళ్ళదిగా అభినయించి చెప్పాడు. రేపు భార్యని క్యాంటీన్‌కి తీసుకెళ్ళి మేనేజరు ముందు నిలబెడతానన్నాడు. ఆవిడ కూడా నవ్వుతూనే వింది, అంట్ల గది మాట వచ్చేదాకా.

"పాపం, ఆ పిల్లని అంట్ల దగ్గరేశారా?" అంది.

"మరి చేసిన పనికి?"

ఆవిడ చేతిలో డబ్బా వంక చూస్తూ కూర్చుంది. మేస్త్రి మాత్రం హుషారుగా లేచాడు. ఎలాగూ తను తినకూడదు, పారెయ్యడమెందుకు, ఆవిడ కూరలో కలిపేద్దామని డబ్బా అందుకుని వంటగదిలోకి నడిచాడు. పొయ్యి మీద ఒక గిన్నె ఉంది. మూత తీశాడు. ఆనపకాయ కూర, పైన మిరియాలు, నిమ్మకాయ వాసన. ఇది తనది. ఇంకో గిన్నె కోసం చూశాడు. గట్టు మీద అన్నం గిన్నె, పక్కన నీళ్ళ చెంబు. అంతే.

"నీ కూరేది?" అని కేకేశాడు.

ఆవిడ గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. "అదే."

"ఇది నాది కదా."

మేస్త్రి అలమర పై అరలో ఉన్న ఉప్పు సీసా దించాడు. మూత తిరగలేదు. భుజం మీది తువ్వాలు మూతకి చుట్టి బలంగా తిప్పితే కీచుమంటూ వచ్చింది. లోపల ఉప్పంతా ఒకే గడ్డగా బిగుసుకుపోయి ఉంది. మధ్యలో చెంచా నిలువునా దిగబడి ఉంది. చెంచా పట్టుకుని లాగితే సీసా కూడా దాంతోపాటే పైకి లేచింది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

"మీరు తిరిగొచ్చిన దగ్గర్నుంచి."

అడిగిన మాటా అదే, జవాబూ అదే. నిన్న పొయ్యి దగ్గర ఈ జవాబు విని తను ఏం చేశాడో మేస్త్రికి గుర్తొచ్చింది. సీసా చేతిలో ఉండగానే, పక్కనున్న పీట మీద కూలబడ్డాడు.

ఆవిడ మామూలుగానే చెప్పింది, బజారు కబురు చెప్పినట్టు. ఆయన గడ్డి తింటుంటే తను పక్క గదిలో ఉప్పు నంజుకోవడం గొంతు దిగలేదట. మొదట్లో ఏడుపొచ్చేదట. ఆశ చంపుకోలేక ఒకసారి పక్కింటికి పోయి దొంగతనంగా తినొచ్చిందట కూడా. అది చెప్పి తనే నవ్వుకుంది.

"ఇప్పుడైతే పక్కింటావిడ ఏం పెట్టినా సముద్రం నీళ్ళలాగే ఉంటోంది. ఆ ఆస్పత్రి పిల్ల చెప్పింది కదండీ, కొన్నాళ్ళకి నాలుక మారిపోతుంది, అందరూ తినే తిండి మనకి ఉప్పు కషాయంలా ఉంటుందని. మీరు వినలేదా?"

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. తన వైపు చెప్పడానికి లోకంలో ఒకే ఒక్క సాక్షి దొరికింది, ఆ సాక్షి నాలుక కూడా తనకోసమే పోయింది. చెల్లెమ్మ గుప్పిట తప్పు కాదు. డ్రైవర్ల నోళ్ళు తప్పు కాదు. ఆ కండక్టరు పాపం తలొంచుకుని అన్నం తింటున్నాడు, అంతే.

"మళ్ళీ ఉప్పు తినడం మొదలెడితే నాలుక తిరిగొస్తుందేమో," అన్నాడు, ఆవిడ వైపు చూడకుండా.

"వస్తుందేమో," అంది ఆవిడ. "మీరుండొద్దూ?"

సీసా ఆయన చేతిలోంచి తీసుకుని, మూత పెట్టి, మళ్ళీ పై అరలో పెట్టేసింది.

*

పొద్దున్నే మేస్త్రి కూర వండాడు. గుండిగ దించకుండా, చుక్క చూసుకోకుండా, అంట్ల గదికి వెళ్ళి చెల్లెమ్మని రమ్మన్నాడు. ఆవిడ అనుమానంగానే వచ్చింది. తడి చేతులు ఏప్రాన్‌కి తుడుచుకోబోతే రబ్బరు ఏప్రాన్‌కి తడి ఆరలేదు. మేస్త్రి తన భుజం మీది తువ్వాలు ఇచ్చాడు.

"చెయ్యి పట్టు," అని గరిట వంచాడు.

నాని ముడతలు పడ్డ అరచేతిలో చుక్క పడింది. ఆవిడ నాకి, కళ్ళు మూసుకుంది. ఆ నిలబడటం అచ్చు ఆయన నిలబడటమే.

"ఉంది కానీ..." అని ఆగింది.

"ఎంతో నువ్వే వెయ్యి," అని ఉప్పు డబ్బా ఆవిడ ముందుకి జరిపాడు.

ఆవిడ వేసి, తిప్పింది. ఈసారి గరిట గుండిగకి తగిలి ఖంగుమంది. మేస్త్రి తన ఏప్రాన్ విప్పి, మడతపెట్టి గట్టు మీద పెట్టి, మేనేజరు గదికి వెళ్ళాడు. తప్పు తనదేననీ, నాలుక పోయిందనీ, చెల్లెమ్మని పొయ్యి దగ్గరకి తెమ్మనీ చెప్పాడు. ఉప్పు ఆవిడ చూస్తే మిగతా పనంతా తను చేస్తానన్నాడు. మేనేజరు చాలాసేపు పెన్నుతో బల్ల మీద కొడుతూ కూర్చున్నాడు. ఒక్క పొయ్యికి ఇద్దరు మేస్త్రులంటే పైవాళ్ళు ఒప్పుకోరన్నాడు. తరుగుడు పనికి కొత్త మనిషిని నిన్ననే తీసుకున్నారట. ఒంట్లో బాగా లేని మనిషిని ఇంత వేడిలో నిలబెట్టడం తనకీ భయంగానే ఉందన్నాడు. ఈసారి రెస్టు అన్న మాట అతను అనాల్సిన అవసరం రాలేదు.

చెల్లెమ్మ వంటగది వాకిట్లో ఆయన దారికి అడ్డంగా నిలబడింది. బట్ట ఏప్రాన్ మళ్ళీ కట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఎందుకు చెప్పావన్నా? నేను వేస్తూనే ఉండేదాన్ని కదా. ఎవరికి తెలిసేది?"

"ఎన్నాళ్ళని నా వెనకాల నిలబడతావే," అన్నాడు మేస్త్రి. ఇంకేదో అడగాలనుకున్నాడు, క్షమించమనో ఏదో. "వెల్లుల్లి మాడనివ్వకు," అని చొక్కా తగిలించుకున్నాడు. జేబులో మాత్రలు గలగలలాడాయి.

గేటు దగ్గర మీసాల డ్రైవరు బస్సు అద్దం తుడుచుకుంటూ, ఈవేళ కూరలో ఉప్పుందా మేస్త్రీ అని అరిచాడు. ఉంది, కడుపునిండా తిను అని చెప్పి మేస్త్రి నడిచాడు. భోజనాల వేళకి క్యాంటీన్‌కి ఎదురు దిక్కుగా నడవడం ఆయనకి కొత్త. దారిలో ఎదురైన వాళ్ళందరూ అటే పోతున్నారు.

భార్య తలుపు తీసి, ఇంత తొందరగా వచ్చారేమని అడిగింది.

"ఆకలేసింది," అన్నాడు.

ఆవిడ ఆయన మొహం వంక ఒకసారి చూసి లోపలికి నడిచింది. ఒక కంచం పెట్టబోతే ఆయన వెళ్ళి రెండోది తెచ్చి పక్కన పెట్టాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. గిన్నె మధ్యలో ఉంది. ఆవిడ గరిట ఎత్తబోతే ఆయన ఎడమ అరచెయ్యి చాపాడు. ఆవిడ ఒక చుక్క వేసింది. మేస్త్రి నాకి, కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచి తడి చెంప మీదకి జారింది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది ఆవిడ, ఇన్నేళ్ళుగా అడిగినట్టే.

"ఊఁ," అన్నాడు మేస్త్రి. "సరిపోయింది."